గోడ మీద అంజమ్మ

గుంటూరు వైపు వెళ్లొచ్చానని తెలియగానే మా అమలాపురంలో ప్రతివాళ్లూ అడిగిన మొదటి మాట "కారం తెచ్చారా?" అనే. తెచ్చాను. వీధంతా పంచిపెట్టాను. తిన్నవాళ్లు తిన్నారు, ఏడ్చినవాళ్లు ఏడ్చారు. కానీ ఆ ప్రయాణంలో నేను చూసిన అసలు సంగతి పొట్లం కట్టి తెచ్చేది కాదు. నోటితో చెప్పబోతే ఎవరూ చివరిదాకా విననివ్వరు, "అక్కడ గోంగూర మనదానికంటే పులుపటగా?" అని మధ్యలో అడ్డు తగులుతారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచర్ని. ఏళ్ల తరబడి మామిడిపండూ, కూజా, కొండల మధ్య సూర్యుడూ గీయించి గీయించి విసిగిపోయినదాన్ని. ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఆ మాఘమాసంలో మా పిన్ని కొడుకు ప్రసాదు ఫోను చేశాడు. వాడు ప్రకాశం జిల్లా దర్శిలో తెలుగు మాస్టరు. అక్కడికి దగ్గర్లో ఒక పల్లెలో గోడ మీద ఒకావిడ మొహం గీయాలి, రమ్మన్నాడు. ముందు ఫోటో పంపరా అన్నాను. ఫోటో లేదన్నాడు. పోనీ మనిషిని కూచోబెట్టు, వచ్చి గీస్తానన్నాను. మనిషీ లేదు, పోయి ఇరవయ్యేళ్లు దాటిందన్నాడు. నాకు ఒళ్లు మండింది. లేని మనిషిని, లేని ఫోటో చూసి గీయడానికి నేనేమన్నా బ్రహ్మదేవుణ్ణా అని ఫోను పెట్టేశాను. మూడోనాటికి రైల్లో ఉన్నాను. నా కోపం పాలపొంగు, అందరికీ తెలిసిందే.

బ్రాడీపేటలో ఒక పూట

గుంటూరులో మా ఆడపడుచు సుగుణ వదిన ఇల్లు బ్రాడీపేటలో. స్టేషను నుంచి ఆటోవాడు ముప్పై అడిగాడు, నేను పదిహేనన్నాను, ఇరవైకి దిగాడు. దిగాక తెలిసింది, నడిచినా పోయేదేనట. ఆ సందుల్లో అడుగడుక్కీ ఒక ఆసుపత్రి, ఒక కోచింగు సెంటరు. పుస్తకాలు గుండెలకి హత్తుకుని నడిచే పిల్లల మధ్య నుంచి స్కూటర్లు హారను కొట్టుకుంటూ దూసుకుపోతున్నాయి. పక్కకి తప్పుకోవాల్సింది స్కూటరు కాదు, మనం.

పొద్దున్నే వదిన వీధి చివర బండి నుంచి ఇడ్లీలు తెప్పించింది. మా వైపు ఇడ్లీకి చట్నీ వేస్తారు. ఇక్కడ ముందు కారప్పొడి జల్లి, దాని మీద నెయ్యి పోసి, చట్నీని మొహమాటానికి ఒక పక్కన పెడతారు. మొదటి ముద్దకే నా చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. "మీ కోనసీమవాళ్లకి కూరలో బెల్లం పడకపోతే ముద్ద దిగదుగా" అని వదిన ఎత్తిపొడిచింది. మీరు కూరలో కారం వేసుకోరు, కారంలో కూర వేసుకుంటారని నేనూ ఊరుకోలేదు. అలా అంటూనే నాలుగు ఇడ్లీలూ తినేశాను. ఆ మంటలో ఏదో ఉంది, చెయ్యి ఆగదు.

నల్లపాడులో ఆగిన రైలు

పడమటికి పోయే పాసింజరు ఊరు దాటీ దాటగానే నల్లపాడులో ఆగింది. ఎందుకాగిందో చెప్పేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ లేరు. ఎవరో మిరపకాయల బస్తా ఒకటి తలుపు దగ్గర పెట్టారు. నేను తుమ్మడం మొదలుపెట్టాను. ఆపకుండా తుమ్ముతున్న నన్ను చూసి ఎదురు బల్ల మీదావిడ జాలిపడి, తన సంచిలోంచి పాత చీరముక్క తీసి, అడక్కుండానే నా ముక్కూ నోరూ కప్పి తల వెనక ముడేసింది. దొంగలా ఉన్నానని పెట్టెలో అందరూ నవ్వారు. తుమ్ములైతే ఆగాయి.

ఆవిడది వినుకొండ దగ్గర పల్లె. మిరపకోతలకని ఇటు వచ్చి, మరిదికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే మధ్యలో తిరిగి వెళుతోంది. చేలో దిగింది మొదలు గట్టెక్కేదాకా అందరి మొహాలకీ ఇలాగే గుడ్డ ఉంటుందట, కళ్లు తప్ప ఏమీ కనపడవట. మరి ఒకళ్లనొకళ్లు ఎలా గుర్తుపడతారని అడిగాను. నడకని బట్టి, గొంతుని బట్టి అంది. కిటికీలోంచి చూస్తే కళ్లాల్లో ఎండబోసిన మిరపకాయలు, ఎర్ర తివాచీలు పరిచినట్టున్నాయి. మధ్యమధ్య చివరి తీత అయిపోయిన పత్తిచేలు గోధుమరంగుకి తిరిగి నిలబడ్డాయి. మా వైపు కొబ్బరితోటల్లో ఆకాశం ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది. ఇక్కడ ఎంత కావాలంటే అంత. నరసరావుపేట దగ్గర ఎక్కినవాళ్లంతా శివరాత్రికి కోటప్పకొండకి ఏ ఊరు వెదురుబొంగులతో ప్రభ ఎంత ఎత్తు కడుతున్నదో వాదించుకున్నారు. ఒకాయన ప్రభ ఎత్తు వినుకొండ వచ్చేసరికి రెండింతలయింది.

ఆవిడ దిగుతుంటే ఆ చీరముక్క తిరిగిచ్చేయబోయాను, ఉంచుకోమంది. ఆవిడ పేరైనా అడగలేదు, ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

దర్శి

దొనకొండలో దిగి, బస్సెక్కి, దుమ్ములో స్నానం చేసి దర్శి చేరాను. ప్రసాదు బస్టాండులో ఎదురొచ్చాడు. ఆ రాత్రి భోజనం దగ్గర సంగతంతా వివరంగా చెప్పాడు.

ఆ పల్లెలో వానలు నమ్ముకుంటే గడవదు. అందుకని ఏటా మాఘంలో ఆడవాళ్లు ముఠాగా కలిసి గుంటూరు వైపు మిరపకోతలకి పోతారు. వెనకటికోసారి తిరిగి వస్తుంటే కాలవగట్టు మీద ట్రాక్టరు తిరగబడింది. ఆరుగురు పోయారు. వెళ్లేప్పుడు వాళ్లు ట్రాక్టరెక్కిన చోట, ఊళ్లోనే రోడ్డు పక్కన పత్తి గోడౌను ఉంది. దాని గోడ మీద ఊరివాళ్లు ఆరుగురి బొమ్మలూ వేయించారు. వేసింది బళ్ల మీద నంబర్లు రాసే ఆయన. ఆయనకి చీరలూ గాజులూ బాగానే వచ్చాయి గానీ మొహాలు రాలేదు. ఆలోచించి ఆరుగురికీ ముక్కుల మీదుగా గుడ్డలు కట్టేశాడు, కోతల్లో అలాగే ఉంటారు కదా అని. ఊరు ఒప్పుకుంది.

సున్నం మీద వేసిన రంగులు, వానాకాలానికి వెలిసిపోయాయి. మరుసటేడు ముఠా బయల్దేరే ముందు ఊరివాళ్లే మళ్లీ వేశారు. అప్పటి నుంచీ అదే ఆనవాయితీ. దానికో కట్టుబాటు కూడా ఏర్పడింది. ఎవరి మనిషిని వాళ్లు గీయకూడదు. వేరే ఇంటివాళ్లు గీయాలి, ఇంటివాళ్లు పక్కన నిలబడి చెప్పాలి. సొంతవాళ్లయితే చెయ్యి వణుకుతుందని మొదట పెట్టారట. గీసేవాళ్లు అడగాలి కదా, ఏ రంగు చీర కట్టేది, ముక్కుపుల్ల ఏ వైపు, కుడిపైటా ఎడంపైటా అని. అలా అడగ్గా చెప్పగా పోయినవాళ్ల సంగతులు ఏటా ఒక కొత్త ఇంటికి తెలుస్తాయి.

ఆ ఆరుగురిలో అంజమ్మ ఒకతె. ఆమె పోయేనాటికి కూతురు కోటేశ్వరి పాకే పిల్ల. ఇప్పుడు పెళ్లయి, ఊళ్లోనే ఉంటూ బట్టలు కుడుతుంది. ఈ ఏడు ఆ అమ్మాయి ముఠా ముందుకొచ్చి, మా అమ్మ మొహానికి గుడ్డ తీయండి, నాకు మొహం కావాలంది. మొహం గీయడం ఎవరికొచ్చు? ప్రసాదు గొప్పగా మా అక్కకొచ్చన్నాడు.

"వాళ్ల నాన్ననో అమ్మమ్మనో అడిగితే ఎలా ఉండేదో చెప్పరట్రా?" అన్నాను.

"నాన్ననడిగితే బాగుండేది అంటాడక్కా, అంతకంటే ముక్క ఊడదు. అమ్మమ్మ దగ్గర అంజమ్మ పేరెత్తితే లేచి లోపలికి పోతుంది" అన్నాడు.

అంటే ఆ పిల్లకి చేత్తో గీయడానికి కట్టుబాటు ఒప్పదు, నోటితో చెప్పడానికి తెలిసింది లేదు. నాకు అన్నం సయించలేదు. నిద్ర మాత్రం పట్టింది, ప్రయాణపు బడలిక అలాంటిది.

సున్నం కొట్టిన గోడ

పొద్దున్నే వెళ్లి చూస్తే గోడ మీద ఏమీ లేదు. తెల్లగా, తడిగా, సున్నం వాసనేస్తోంది. పాత బొమ్మలేవని అడిగితే నిన్ననే కొట్టేశామన్నారు. ఆనవాళ్ల కోసమైనా ఉంచొద్దా అని ముఠా మేస్త్రి నాగరత్నమ్మ మీద కేకలేశాను. ఆవిడ నాకంటే గట్టిగా కేకలేసింది. మా ప్రసాదు కూడా ఏటా ఎనామిలు పెయింటు వేయండి, పదేళ్లుంటుందని పోరుపెడతాడట. "వెలిసిపోని రంగేస్తే వచ్చే ఏడు ఈ గోడకాడికి ఎవరొస్తారమ్మా, మేకలు తప్ప" అంది. నేను సంచిలోంచి కుంచెలు తీసుకున్నాను.

అవీ పనికిరాలేదు. ఆ గరుకు గోడకి నా కుంచెలు అరగంటలో అరిగిపోతాయని ఈతమట్ట చివర దంచి చేసిన కుంచె ఇచ్చారు. కావిమన్ను, నీలిమందు, పసుపు, పొయ్యిమసి. తుమ్మబంక కలిపి డబ్బాల్లో పెట్టారు. మగవాళ్లు నీళ్లు మోస్తున్నారు, ఆడవాళ్లు రంగులు కలుపుతున్నారు, ముసలివాళ్లు తప్పులు పడుతున్నారు. మా స్కూల్లో ఇంత శ్రద్ధగా క్లాసు ఎప్పుడూ జరగలేదు.

ఈ ఏడు అంజమ్మ బొమ్మ వంతు నాగరత్నమ్మ ఇంటిది. ఆ ఇంటి తరఫున నేను గీయాలి. ఇంకో కట్టుబాటు అప్పుడు చెప్పారు. గీసేవాళ్లు పోయినవాళ్లింట్లో ఆ పొద్దు ముద్ద తిని రావాలి. తినకుండా కుంచె పట్టకూడదు.

కోటేశ్వరి ఇంట్లో

సజ్జరొట్టె, పండుమిరపకాయ పచ్చడి, గిన్నెడు మజ్జిగ. రొట్టె అప్పుడే పెనం మీంచి తీసింది, తియ్యగా ఉంది. పచ్చడి సంగతి నేను చెప్పను, మజ్జిగ మూడుసార్లు అడిగాను. కోటేశ్వరి బక్కపలచని పిల్ల, దవడలు వెడల్పు, కనుబొమలు దట్టం. తొమ్మిదినెలల కొడుకు దాని ఒళ్లో కూచుని నా కళ్లజోడు కోసం చేతులు చాస్తున్నాడు.

ఇన్నేళ్లూ ఊరుకుని ఇప్పుడే ఎందుకు అడిగావమ్మా అన్నాను. కోటేశ్వరి కొడుకు మొహంలోకి చూసింది.

"ఈడు నన్ను చూసి నవ్వుతున్నాడండీ. ఎవరెత్తుకున్నా నా మొహం ఎతుక్కుంటాడు. నేనూ మా అమ్మని చూసి అట్టానే నవ్వి ఉంటాగదా. చూసిన మొహమేగదండీ. మరి నాకెందుకు గుర్తులేదు?"

మజ్జిగ గిన్నె పట్టుకుని కూచున్నాను. కళ్లలో నీళ్లు పచ్చడివి అనుకోవడానికి వీలుండబట్టి బతికిపోయాను.

గోడ దగ్గర మళ్లీ

గుడ్డ తీయడం గురించి కొంత గొడవ జరిగింది. ఒకామెకి తీస్తే మిగతావాళ్ల మాటేమిటని ఇద్దరు అడిగారు. ఒకాయన, మా అమ్మకి గుడ్డే ఉంచండి, ఆవిడ దేవుడి ముందు కూడా ముసుగు తీసేది కాదన్నాడు. ఎవరిష్టం వాళ్లదని నాగరత్నమ్మ తేల్చేసింది. ఐదుగురి బొమ్మలూ ఐదిళ్లవాళ్లు మొదలుపెట్టారు. ఆరోది నాది.

నేను తెలివిగా ఒక ఆలోచన చేశాను. ఫోటో లేకపోతేనేం, కూతురుంది కదా. తల్లిపోలిక ఎక్కడికి పోతుంది? కోటేశ్వరిని నీడలో నిలబెట్టి, ఆ దవడలూ ఆ కనుబొమలూ అలాగే దించి, కాస్త వయసు కలిపి, కొప్పు చుట్టి, బొట్టు పెట్టాను. చాలా బాగా వచ్చింది. నా చేతికి నేనే మురిసిపోయి పక్కకి తప్పుకున్నాను.

ఎక్కడో ఒక కిచకిచ వినిపించింది. తర్వాత నాగరత్నమ్మ నోటికి పైట అడ్డుపెట్టుకుని అంది.

"టీచరుగారూ, మా ఎంకటేశ్వర్లు బావకి చీర కట్టారేందండీ?"

ఆ పిల్లది అచ్చంగా తండ్రి పోలికట. నాకెవరూ చెప్పలేదు. వెంకటేశ్వర్లు అక్కడే నీళ్లకావడితో నిలబడి ఉన్నాడు, గోడ మీదా ఆయనే, కిందా ఆయనే. అవే దవడలు, అవే కనుబొమలు, పైన కొప్పు. ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. రంగు డబ్బా ఒకటి బోర్లాపడింది. కోటేశ్వరి కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అది చూశాక నాకు రోషం వచ్చింది.

నవ్వింది చాలు, మొహం ఎలా ఉండేదో చెప్పి చావండి అన్నాను. టీచరు గొంతు ఎక్కడైనా పనిచేస్తుంది. అందరూ సర్దుకున్నారు. నాగరత్నమ్మే సున్నపు కుంచెతో ఆ వెంకటేశ్వర్లుని తుడిచేసింది.

ముక్కు ఎలా ఉండేదని అడిగాను. ముక్కు ముక్కులా ఉండేదన్నారు. మాటల్లో చెప్పడం వాళ్లకి రాలేదు, ఎవరికొస్తుంది గనక. అప్పుడొక ముసలామె, ముక్కు సుబ్బులుది అంది. సుబ్బులెవరంటే జనంలోంచి ఒక లావుపాటావిణ్ణి ముందుకు తోశారు. అంజమ్మకి మేనమామ కూతురట. ఆవిడ సిగ్గుపడుతూ గోడ పక్కన నిలబడింది, ఆవిడ ముక్కు దించాను. నుదురు దీనిది కాదు, రాములమ్మది అన్నారు. రాములమ్మనీ లాక్కొచ్చారు. గడ్డం దగ్గర తగాదా పడి, ముగ్గురి గడ్డాలు చూసి, చిన్న కిష్టయ్య గడ్డం ఖాయం చేశారు. ఆయన గీసుకోలేదు, నేను ఊహించుకున్నాను. కాసేపటికి గోడ పక్కన మనుషులు వరసకట్టి నిలబడ్డారు, ఒక్కొక్కళ్ల దగ్గర అంజమ్మ కొంచెం కొంచెం ఉంది. నేను తుడుస్తూ దిద్దుతూ చెమటలు కక్కుతున్నాను.

అంతలో వెంకటేశ్వర్లు కావడి దించి దగ్గరికొచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా తన ఎడం బుగ్గ మీద వేలుపెట్టి, ఇక్కడ సొట్ట పడేదండీ అన్నాడు. ఇరవయ్యేళ్లలో కూతురికి చెప్పని మాట. చెప్పేసి వెనక్కి తిరిగి కావడెత్తుకున్నాడు.

సొట్ట పెట్టాను. అప్పుడు గోడ మీద ఒక మనిషి వచ్చింది. నాకు తెలియని మనిషే, కానీ అక్కడ పెద్దవాళ్లకి తెలుసు. సుబ్బులు ముక్కు చీదుకుంది.

కోటేశ్వరి మాత్రం అలాగే చూస్తోంది. అదేనా అని దాన్ని అడగడానికి నాకు భయం. తనకెలా తెలుస్తుంది? ఆ పిల్ల చూపు బొమ్మ మీద నుంచి జనం మొహాల మీదికీ, అక్కడి నుంచి బొమ్మ మీదికీ తిరుగుతోంది.

రోడ్డుకి అవతలే అంజమ్మ తల్లి బసవమ్మ ఇల్లు. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆవిడ రోడ్డు దాటి ఈ గోడ దగ్గరికి రాలేదట. గుడ్డలు కట్టిన ఆరుగురిలో నా బిడ్డ ఏదని పోయి చూడమంటారు అనేదట. ఇవాళ ఈ నవ్వులూ తగాదాలూ విని అరుగు మీద కూచుంది. ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. కర్ర చప్పుడు విని జనం దారిచ్చారు. ఆవిడ గోడకి జానెడు దూరం దాకా వచ్చి, చూపు ఆనక మొహం అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసింది. నా ఉద్యోగంలో ఎంతమంది ఇన్‌స్పెక్టర్లు వచ్చారు, ఎప్పుడూ ఇంత భయపడలేదు.

"నోరు మూశారేంది?" అంది బసవమ్మ.

నేను తెల్లబోయాను. బొమ్మలకి నోరు మూసే గీస్తామండీ అన్నాను.

"నా బిడ్డ నోరు మూసుకునేది గాదు. తెరవండి. పైపళ్లు రెండూ కాస్త ఎత్తు."

పెదవులు తుడిచి నోరు తెరిచాను. పళ్లు పెట్టాను. అంజమ్మ ఊరంతటినీ పలకరిస్తున్నట్టు తయారయింది. బసవమ్మ కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయింది. అప్పుడు కోటేశ్వరి కొడుకుని చంకకెత్తుకుని ఆవిడ పక్కకొచ్చింది.

"ఏం మాట్లాడేది అమ్మమ్మా?"

ఆవిడ వెనక్కి తిరిగి ఇంట్లోకి పోతుందనే అందరం అనుకున్నాం. పోలేదు.

"ఏం మాట్లాడుద్ది, పొద్దస్తమానం నిన్ను తిట్టేది. పళ్లొచ్చినకాణ్ణించీ పాలు తాగుతా కొరికేదానివి. ఓసి ఎలకపిల్లా, ఇంకోసారి కొరికావంటే ఆ పళ్లు రెండూ పీకి పారేస్తానే అని అరిచేది. అరిచి మళ్లీ నీకే ఇచ్చేది."

కోటేశ్వరి చెయ్యి దాని నోటి మీదికి పోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, రెండూ అనుకుంటాను. తల్లి తనతో అన్న మాట దాని చెవినపడడం అదే మొదలు.

"ఇంకోసారి తిట్టు అమ్మమ్మా" అంది.

బసవమ్మ మనవరాలి గడ్డం పట్టుకుని, తన మొహం వైపు తిప్పుకుని, ఈసారి అంజమ్మ గొంతుతో, ఊరంతటికీ వినపడేలా తిట్టింది.